టైమడిగిన రౌటర్లు

2003 మే నెలలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మాడిసన్ క్యాంపస్ నెట్‌వర్క్ మీద ఓ వింత దాడి మొదలైంది. సెకనుకు 40,000 ప్యాకెట్ల చొప్పున వచ్చి పడుతున్నాయి, అన్నీ ఒకే ఒక్క కంప్యూటర్ కోసం. అందులో దోచుకోదగ్గ రహస్యాలేమీ లేవు. అడిగినవాళ్లకు సరైన టైము చెప్పడమే దాని పని. వచ్చే ప్యాకెట్లన్నీ 23457 అనే ఒకే పోర్టు నుంచి బయల్దేరుతున్నాయి. ఎవరో కావాలని చేస్తున్నారనుకుని, నెట్‌వర్క్ నిపుణుడు డేవిడ్ ప్లాంకా, ఆయన సహచరులు వాటికి అడ్డుకట్ట వేశారు. తగ్గుతుందనుకున్న రద్దీ జూన్ నాటికి సెకనుకు 2,50,000 ప్యాకెట్లకు పెరిగింది.

ప్యాకెట్లు పంపుతున్న చిరునామాల్లో కొన్నింటిని వాకబు చేస్తే గుట్టు బయటపడింది. దాడి చేస్తున్నది దొంగలు కాదు, ఇళ్లలో వాడుకునే నెట్‌గేర్ రౌటర్లు!

ఇంటి రౌటర్‌లో సాధారణంగా బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు పోయి వస్తే చాలు, దాని కాలం యూనిక్స్ లెక్క మొదలైన 1970 జనవరి 1కి వెళ్లిపోతుంది. భారత కాలమానం పెట్టిన పెట్టెలోనైతే సంఘటనలు నమోదయ్యే లాగ్‌లో ఆ రోజు ఉదయం 5:30 కనిపిస్తుంది. అందుకే ఆన్ అవగానే ఇంటర్నెట్‌లో ఏదో ఒక ఎన్‌టీపీ సర్వర్‌ను టైమడుగుతుంది. ఎన్‌టీపీ అంటే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, డేవిడ్ మిల్స్ 1985లో అక్షరబద్ధం చేసిన ఏర్పాటు.

నెట్‌గేర్ తన చవక మోడళ్లను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్‌లో మాడిసన్ సర్వర్ చిరునామాను అంకెలతో సహా నేరుగా రాసేసింది. పైగా జవాబు రాకపోతే సెకనుకోసారి మళ్లీ అడగమని చెప్పింది. అలాంటి పెట్టెలు ఏడు లక్షలకు పైగా మార్కెట్లోకి వెళ్లాయి. అడ్డుకట్టతో జవాబులు ఆగాయి, దాంతో అడగడం ఇంకా ఎక్కువైంది. కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసింది కానీ, నెట్ బాగానే వస్తున్నప్పుడు దాన్ని ఎక్కించుకునేవాళ్లు ఎందరు? చివరికి జవాబులివ్వడమే రద్దీ తగ్గించే దారి అయింది. నెట్‌గేర్ విశ్వవిద్యాలయానికి 3,75,000 డాలర్లు ఇచ్చింది.

కథ అక్కడితో ఆగలేదు. డెన్మార్క్‌లో పౌల్-హెన్నింగ్ కాంప్ అనే ప్రోగ్రామర్ ఆ దేశపు నెట్‌వర్క్‌ల కోసం స్వచ్ఛందంగా ఒక టైమ్ సర్వర్ నడిపేవాడు. డి-లింక్ రౌటర్లలో దాని పేరు కూడా చేరిపోయింది. 2006 ఏప్రిల్‌లో ఆయన బహిరంగ లేఖ రాశాకే ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి.

పరికరాల్లో ఇలా ఇతరుల చిరునామాలు పొదగవద్దంటూ ప్లాంకా 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4085 అనే ఇంటర్నెట్ పత్రం రాశాడు. అంతకుముందు 2003లోనే ఏడ్రియన్ ఫాన్ బిడర్ ఎన్‌టీపీ పూల్ మొదలుపెట్టాడు. స్వచ్ఛంద సర్వర్లన్నీ ఒకే పేరు కింద ఉంటాయి, అడిగేవాళ్ల భారాన్ని అవి పంచుకుంటాయి. రౌటర్ తయారీదార్లు పూల్‌లో తమకంటూ వేరే పేరు తీసుకోవాలన్నది నియమం. 2004లో పుట్టిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఫర్మ్‌వేర్‌కు అలాంటి పేరుంది.

వైఫై తెగిపోతోందని లాగ్ తెరిచేవారికి ఈ చరిత్రతో నేరుగా పని పడుతుంది. ఫోన్ ఎప్పుడు కలిసింది, ఎప్పుడు విడిపోయింది అన్నది ఫలానా నిమిషంతో సరిపోల్చాలంటే ముందు ఆ పెట్టెకు టైము తెలియాలి. రాత్రి పదికి పిల్లల ఫోన్లకు నెట్ ఆపే ఏర్పాటు కూడా ఆ గడియారాన్నే నమ్ముకుంటుంది. చాలా రౌటర్లలో లాగ్ తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది కాబట్టి కరెంటు పోతే అదీ పోతుంది. దాచుకోవాలంటే సిస్‌లాగ్ ద్వారా వేరే కంప్యూటర్‌కు పంపాలి. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ కోసం తయారుచేసిన పద్ధతి అది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అయితే నెట్ అందేదాకా తన సెట్టింగుల ఫైళ్లలో అన్నిటికంటే కొత్తదాని తేదీని అరువు తెచ్చుకుంటుంది. కాబట్టి లాగ్ మొదట్లో నెల కిందటి తేదీ కనిపించినా, ఆ సంఘటన ఈ ఉదయానిదే కావచ్చు. ఎన్‌టీపీతో టైము కుదిరిన వరుస ఎక్కడుందో ముందు వెతికి, దాని పైనున్న తేదీలను పక్కనపెట్టి చదవాలి.