ధ్వన్యనుకరణ: వ్యాకరణం నుంచి ఓరుగల్లు వేదిక దాకా

ఓరుగల్లులో మిమిక్రీ అనగానే పెద్దవాళ్ళ నోట ముందు వచ్చే పేరు నేరెళ్ళ వేణుమాధవ్. 1932 డిసెంబరు 28న వరంగల్ మట్టెవాడలో పుట్టిన ఆయన్ని జనం 'ధ్వన్యనుకరణ సమ్రాట్' అన్నారు. ఆ బిరుదులోని మాటకు మాత్రం చాలా పాత చరిత్ర ఉంది.

దాని పుట్టిల్లు వ్యాకరణం. అక్షరాలుగా విడమరచి చెప్పలేని చప్పుడును మనిషి నోటితో పలికితే, ఆ పలుకును పాణిని 'అవ్యక్తానుకరణ' అన్నాడు. 'పటత్' అనే చప్పుడుకు 'ఇతి' చేరితే 'పటితి' అవుతుందని చెప్పడానికి ప్రత్యేకంగా సూత్రమే రాశాడు. అను అంటే వెంట, కరణం అంటే చేయడం. గలగల, దబదబ, ఘల్లు లాంటి మన మాటలను ధ్వన్యనుకరణ పదాలంటున్నదీ ఆ సంప్రదాయంలోనే. జనం నోట ఈ పద్ధతి మనుషుల పేర్ల దాకా పోయింది. బుడబుడమని మోగే చేతి వాద్యం బుడబుక్క అయింది, దాన్ని వాయిస్తూ వాకిట్లో నిలబడేవాడు బుడబుక్కలవాడయ్యాడు.

మిమిక్రీ వచ్చిన దారి వేరు. గ్రీకులో 'మీమోస్' అంటే ప్రహసనంలో ఒకరిని అనుకరించే నటుడు. అక్కడ ముఖకవళికలకు, ఒంటి కదలికలకు పెద్దపీట. 1862లో బేట్స్ అనే శాస్త్రవేత్త అమెజాన్ సీతాకోకచిలుకల రంగుల పోలికను వివరిస్తూ మిమిక్రీ అనే మాటనే వాడాడు. అందులో చప్పుడు ఊసే లేదు!

వేణుమాధవ్ విద్యకు ప్రాణం చప్పుడే. నటుల గొంతులు, నాయకుల ప్రసంగాలు పట్టుకోవడంతో ఆయన ఆగలేదు. 'టెన్ కమాండ్‌మెంట్స్' లాంటి ఇంగ్లీషు సినిమాల సన్నివేశాలను సంభాషణలు, నేపథ్య సంగీతంతో సహా ఒక్క మైకు ముందు నిలబడి వినిపించేవారు. గొంతు పోలిక ఒక్కటే చాలదు. ఎదుటివాడు ఎక్కడ ఊపిరి తీస్తాడో, ఏ అక్షరాన్ని సాగదీస్తాడో చెవి పట్టుకోవాలి. ఈ విద్యతోనే ఆయన 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. 2018 జూన్ 19న కన్నుమూశారు.

నా మట్టుకు మిమిక్రీ కంటే ధ్వన్యనుకరణే సరైన పేరు. ఏది అనుకరిస్తున్నామో ఆ మాటలోనే ఉంది. ఆయన పుట్టినరోజును మిమిక్రీ దినోత్సవంగా జరుపుకుంటున్న కళాకారులకు ఒక్క మనవి: పోస్టర్ మీద ఆ తెలుగు పేరును కూడా పెద్ద అక్షరాల్లో వేయండి.