గురక దిండు ఎక్కడి నుంచి వచ్చింది

మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో దిండును మెత్త అంటారు. ఎండాకాలం బూరుగు కాయలు పగిలాక ఆ దూది ఏరి, గింజలు తీసి, ఎండబెట్టి గలీబులో కూరేవారు. బూరుగు దూది పోగు పొట్టిది, జారిపోతుంది, నూలు వడకడానికి లొంగదు. అందుకే మెత్తలకే సరిపోయింది. ఏళ్లు గడిచి పరుపులో దూది గడ్డకడితే దూదేకులవాళ్లు పెద్ద విల్లు భుజాన వేసుకుని వచ్చేవారు. నరం బిగించిన ఆ విల్లును చెక్క గుండుతో కొడుతుంటే గడ్డలు విడిపోయి దూది పొగలా లేచేది. తర్వాత ఏకే మిషన్లు వచ్చాయి, ఆ వెనకే ఫోమ్ వచ్చింది.

ఆ మెత్తతో గురకకు ఎవరూ లంకె పెట్టలేదు. గురక జబ్బని అనుకుంటేగా! గుర్రుపెట్టి పడుకున్నాడంటే ఒళ్లెరగని నిద్ర అన్నాం, కుంభకర్ణుడని నవ్వాం. ఆ నవ్వు వల్లే ఎందరో వైద్యుడి దాకా వెళ్లలేదని నా నమ్మకం. పెద్దలు భోజనం చేశాక వామకుక్షి అన్నారు, అంటే ఎడమ పక్కకు తిరిగి పడుకోమని. వాళ్లు చెప్పింది అరుగుదల కోసం. గురక తగ్గిస్తాయని ఇవాళ గురక దిండ్లు అమ్ముడయ్యేది కూడా ఆ పక్కకు తిరగడం మీదే.

వెల్లకిలా పడుకుంటే నిద్రలో కండరాలు వదులై నాలుక, కొండనాలుక వెనక్కి జారతాయి. ఇరుకైన దారిలో గాలి పోతూ కణజాలాన్ని అదిరిస్తే గురక. దారి మూసుకుపోయి పది సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆగితే అది స్లీప్ ఆప్నియా. గంటకు 5 నుంచి 15 సార్లు ఊపిరి ఆగినా బాగా తగ్గినా స్వల్పం అంటారు, 30 దాటితే తీవ్రం.

జబ్బుగా దీన్ని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1836లో మొదలైన డికెన్స్ నవల ‘పిక్‌విక్ పేపర్స్’లో ఎప్పుడూ కునుకుతూ ఉండే లావుపాటి కుర్రాడు జో ఉన్నాడు. 1956లో అమెరికా వైద్యులు ఆ నవల పేరునే ఒక రోగలక్షణ సముదాయానికి పెట్టారు. నిద్రలో ఊపిరి ఆగిపోవడాన్ని 1965లో ఫ్రాన్స్, జర్మనీ పరిశోధకులు ఎవరికి వారుగా నమోదు చేశారు. ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే సీప్యాప్ పద్ధతిని సిడ్నీలో కోలిన్ సల్లివన్ 1981లో ప్రకటించాడు.

గురక దిండు మరో దారిలో వచ్చింది. రాత్రి చొక్కా వీపుకు టెన్నిస్ బంతి కుట్టి, వెల్లకిలా తిరగనివ్వకుండా చేసిన ఉపాయం దీనికి పూర్వీకుడు. 1966లో నాసా కోసం విమాన సీట్లకు తయారైన నురుగు, 1990ల మొదట్లో స్వీడన్ నుంచి మెమరీ ఫోమ్ పరుపులు, దిండ్లుగా బజారుకొచ్చింది. మెడకు వంపున్నవి, పక్కకు తిప్పేవి, వీపు నుంచే ఎత్తు పెంచే ఏటవాలువి వచ్చాయి.

పనిచేస్తాయా అంటే, కొంతమందికి కొంతవరకు. వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువగా ఊపిరి ఆగేవారికి పక్కకు తిరగడం మేలు చేస్తుంది. పడక తలవైపు 7.5 డిగ్రీలు ఎత్తితే ఊపిరి ఆగడం సుమారు మూడో వంతు తగ్గిందని 2017లో ఒక బ్రెజిల్ అధ్యయనం చూపింది. అది మంచం ఎత్తడం గురించి, దిండు గురించి కాదు. రెండు బూరుగు మెత్తలు తల కింద పెడితే ఏమవుతుందో ఇంట్లోనే చూడొచ్చు. గదుమ వెళ్లి ఛాతీకి ఆనుతుంది, గొంతు ముడుచుకుపోతుంది, గురక పెరగొచ్చు. పక్కకు పడుకునేవాళ్లకు భుజానికీ చెవికీ మధ్య సందును నింపేంత ఎత్తు చాలు.

ఈ ప్రాంతంలో గురక ఇంటి గొడవతో ఆగదు. మేడ్చల్ మీదుగా జాతీయ రహదారి 44, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి. రాత్రంతా లారీలు నడుస్తాయి.  రాత్రి నిద్ర తెగి తెగి పట్టిన డ్రైవరు తెల్లవారుజామున స్టీరింగ్ ముందు కునికితే ప్రాణాల మీదికే వస్తుంది. మెడ చుట్టుకొలత 17 అంగుళాలు దాటినవారు, బీపీ ఉన్నవారు, పొద్దున్నే తలనొప్పితో లేచేవారు గురక దిండు కొనేముందు ఆప్నియా పరీక్ష చేయించుకోవాలి. దిండు శబ్దాన్ని తగ్గించి, ఊపిరి ఆగడాన్ని అలాగే వదిలేస్తే జబ్బు మరుగున పడుతుంది. నాకు అసలు భయం అదే. పడుకునే ముందు మద్యం మానడం, బరువు తగ్గడం ఏ దిండుకన్నా ఎక్కువ పనిచేస్తాయి. పది శాతం బరువు తగ్గితే ఊపిరి ఆగడం నాలుగో వంతు తగ్గొచ్చని అమెరికాలోని విస్కాన్సిన్ అధ్యయనం 2000లో తేల్చింది.

రోగికి తన గురక వినపడదు. అందుకని పక్కన పడుకున్నవాళ్లు ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీయాలి. గురక, నిశ్శబ్దం, ఒక్కసారిగా ఎగశ్వాస. ఈ మూడూ వరసగా కనిపిస్తే ఆ వీడియో పట్టుకుని ఛాతీ వైద్యుడి దగ్గరికో ఈఎన్‌టీ దగ్గరికో వెళ్లాలి. మేడ్చల్ దగ్గర ఘనపూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నగరం దాకా పరుగెత్తకుండానే మొదటి అడుగు వేయొచ్చు. సీప్యాప్ రాసిస్తే దానికీ ఒక దిండు ఉంది. మాస్కు ఒత్తుకోకుండా రెండు పక్కలా గాడి తీసి ఉంటుంది.