కరకట్టకు ఏ పక్క?

రోడ్డు చరిత్ర రాయమంటే మనవాళ్లు రాజుల దగ్గర్నించో, ఇంజనీర్ల దగ్గర్నించో మొదలెడతారు. కట్టకు ఏ పక్కన ఎవరున్నారన్నదే మేం ముందు అడిగే ప్రశ్న.

ప్రకాశం బ్యారేజీ నుంచి ఉండవల్లి, వెంకటపాలెం, రాయపూడి మీదుగా అమరావతి వైపు కృష్ణ కుడిగట్టునే పట్టుకుని పోయే దారి చాలాదూరం కరకట్ట మీదే నడుస్తుంది. కట్ట లోపల ఊళ్లు, జరీబు భూములు. కట్టకు అవతల, ఏటి పక్కన లంకలు. దళితులకు అసైన్‌మెంటుగా దక్కిన భూముల్లో చాలా భాగం ఈ లంకల్లోనే ఉంది. వరదొస్తే కట్ట కాపాడేది లోపలి పొలాన్ని. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ముందు మునిగింది లంకలే.

ఈ ఏటి నీళ్లకూ కులముంది. 1855 నాటికి పూర్తయిన ఆనకట్ట, 1957లో దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ డెల్టాను సంపన్నం చేశాయి. ఆ సంపద భూమి ఉన్న కులాల చేతుల్లో అధికారమైంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఆ అధికారం చూపిన ముఖాలే. కాలవలు తవ్వి, కట్టకు మట్టి మోసిన కూలీల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.

2015లో రాజధాని కోసం పూలింగ్ మొదలైంది. 33 వేల ఎకరాలకు పైగా సేకరించారు. మెట్టకు ఎకరానికి ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలన్నారు. భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛనన్నారు. పత్తి తీసి, మిరపకాయ కోసి బతికిన ఆడకూలీకి పోయిన పనిదినాల లెక్క ఆ పింఛనులో ఎక్కడుంది? 2016 ఫిబ్రవరి నాటి జీవో 41 అసైన్డు భూమికి పట్టా భూమి కంటే తక్కువ వాటా స్థలమే ఇచ్చింది. అమ్ముకోకూడదని 1977 చట్టం చెప్పిన భూమి, భయం పుట్టించి కారుచౌకగా చేతులు మార్పించారన్న ఆరోపణలూ వచ్చాయి.

స్థూపం రాళ్లు మద్రాసుకూ, లండన్‌కూ తరలిపోయిన ఊరిది. బుద్ధుడి పేరు చెప్పుకునే రాజధానిలో బుద్ధుణ్ణి ఆశ్రయించిన అంబేడ్కర్ బిడ్డల వాటా ఎంతన్నదే అసలు ప్రశ్న. రోడ్డు వెడల్పు చేసే ముందు లంక సాగుదారులనూ, కూలీలనూ ఇంటింటా లెక్కించి, ఆ లెక్కను గ్రామసభలో చదివి వినిపించాలి. విద్యార్థులూ, ఉపాధ్యాయులూ ఈ పని పల్లెల నుంచే మొదలెట్టాలి. కట్ట అవతలి మనిషి అందులో లేకపోతే, ఈ దారి చరిత్ర సగమే రాసినట్టు.