పాతిక హార్స్‌పవర్ జెటార్

మా బూర్గంపాడు వైపు పాత రైతులకి జెటార్ అంటే హెచ్‌ఎంటీ 2511. చెకోస్లొవేకియా సహకారంతో హర్యానాలోని పింజోర్‌లో 1971లో తయారీ మొదలైంది. రెండు సిలిండర్లు, పాతిక హార్స్‌పవర్. నాన్న కొన్న బండినే నేనింకా తోలుతున్నా.

1965లో వంతెన పడేదాకా మా ఒడ్డు నుంచి గోదావరి దాటి భద్రాచలం వెళ్లాలంటే పడవే. అలాంటి చోట ట్రాక్టర్ కొనడం ఒకెత్తు, దానికి నాజిల్, బేరింగ్ దొరకడం మరొకెత్తు. అడవి అంచు పల్లెల్లో ఎడ్లు అన్నాళ్లు నిలిచాయంటే నాకు ఆశ్చర్యం లేదు.

దమ్ముకి కేజీ వీల్స్, అంటే ఇనప చట్రం చక్రాలు, వేస్తాం. వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డు చెడుతుంది, అందుకే గట్టు దగ్గరే బిగించి అక్కడే విప్పుతా. దమ్ము అయ్యాక ముందు హబ్బులు విప్పి చూస్తా. గ్రీజు తెల్లబడిందంటే బురదనీళ్లు చేరినట్టే, సీలు మార్చాల్సిందే. డీజిల్ అయిపోయేదాకా తోలితే లైన్లో గాలి పడుతుంది. ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగి ధార వచ్చాక బిగించాలి. కొత్త బళ్ల కుర్రాళ్లు ఇది చూసి నవ్వుతారు. నవ్వనీ! వాళ్ల బండి ఆగితే టౌన్ నుంచి మనిషి రావాలి.

హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఇప్పుడు స్పేర్ల కోసం విజయవాడ ఆటోనగర్‌ వెళ్తా. అక్కడా లేకపోతే పాత బళ్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర వెతుకుతా. రింగులు ఎలాగోలా దొరుకుతాయి, హైడ్రాలిక్ పంపుతోనే చిక్కు.