పొరుగున ఉన్న పని: ఉప్పల్–నాచారం డిగ్రీ విద్యార్థుల ఉద్యోగాన్వేషణపై ఒక పరిశీలన

నాగోలు–అమీర్‌పేట మెట్రో 2017 నవంబరులో మొదలైంది. 2019 నవంబరు నాటికి అది రాయదుర్గం దాకా సాగింది. ఉప్పల్‌లో రైలెక్కిన విద్యార్థి మారే పని లేకుండా హైటెక్ సిటీలో దిగవచ్చు. ఈ సౌకర్యంతో పాటే కొలువులన్నీ పడమర వైపే ఉంటాయన్న భావన కూడా బలపడింది. తూర్పు హైదరాబాద్ విద్యార్థికి ఉద్యోగాల కొరత ఎంత ఉందో, పొరుగు సంస్థల్లో ఏ పని జరుగుతుందో చెప్పేవారి కొరతా అంతే ఉందని ఈ వ్యాసం వాదన.

తార్నాక దాటి ఉప్పల్ వైపు వస్తే 1961లో ఏర్పడిన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, 1977లో మొదలైన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కనిపిస్తాయి. ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ ఉంది, సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. హబ్సిగూడ చౌరస్తాలో ఎడమకు తిరిగితే నాచారం పారిశ్రామికవాడకు దారి. ఒకప్పటి జీవీకే బయో, 2021 నుంచి అరాజెన్‌గా పేరు మార్చుకున్న పరిశోధన సంస్థ అక్కడే ఉంది. బీఎస్సీ కెమిస్ట్రీ చదివేవారు ఈ గేట్ల ముందునుంచే బస్సులో వెళ్తుంటారు. లోపల పీహెచ్‌డీ చేసినవారికే చోటని చాలామంది అనుకుంటారు. నిజానికి మందుల పరిశ్రమలో క్యూసీ (నాణ్యతా నియంత్రణ) ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ అనే విశ్లేషణ యంత్రం మీద నమూనాలు పరీక్షించేవారు, క్యూఏ (నాణ్యతా హామీ)లో రికార్డులు సరిచూసేవారు, షిఫ్టుల్లో ప్రొడక్షన్ చూసేవారు, స్టోర్స్, డిస్పాచ్, జీఎస్టీ లెక్కలు చూసే బీకాం పట్టభద్రులు కావాలి. ప్రభుత్వ ప్రయోగశాలల్లో ప్రాజెక్టు ఉన్నంతకాలం సాగే తాత్కాలిక పోస్టులుంటాయి. వాటి ప్రకటనలు ఆయా సంస్థల సైట్లలోనే వస్తాయి.

ఈ సమాచారం ఎవరి ద్వారా అందుతుంది? సామాజికశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ అమెరికాలోని న్యూటన్ పట్టణంలో ఉద్యోగం మారినవారిని ప్రశ్నించారు. పరిచయాల ద్వారా పని దొరికినవారిలో, సమాచారమిచ్చిన వ్యక్తిని తరచూ కలిసేవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, అరుదుగా కలిసేవారు 27.8 శాతం. దగ్గరి స్నేహితులకు మనకు తెలిసిందే తెలుస్తుంది కదా! క్లాసు వాట్సాప్ గ్రూపులో అవే లింకులు తిరుగుతుంటాయి. నాచారంలో క్యూసీలో చేరిన నాలుగేళ్ల కిందటి సీనియర్ ఆ గ్రూపులో ఉండరు.

అయితే దూరపు పరిచయాలే పని చూపుతాయన్న ఆ సూత్రాన్ని ఇక్కడికి యథాతథంగా తేలేం. మన దగ్గర పరిచయాలు కులాన్నీ కుటుంబాన్నీ అంటిపెట్టుకుని ఉంటాయి. ముంబయిలోని దాదర్‌పై మున్షీ, రోజెన్‌జ్వైగ్ 2006లో ప్రచురించిన అధ్యయనం దీనికి గట్టి సాక్ష్యం. కులబంధాల అండతో కార్మిక వృత్తుల్లోకి వెళ్లే బాలురు మరాఠీ మాధ్యమంలోనే మిగిలిపోగా, ఆ అండ లేని బాలికలు ఇంగ్లీషు మాధ్యమానికి వేగంగా మారారు. కొలువు చూపే బంధమే దారిని ఇరుకు చేయగలదు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే పిల్లకు ఆ బంధమూ ఉండదు. నా ఆందోళన ఆమె గురించే.

అలాంటి విద్యార్థికి సిఫారసు అడగని దారి ఒకటుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 2014లో సవరించి ఇంజినీరింగేతర పట్టభద్రులనూ చేర్చారు. జాతీయ అప్రెంటిస్ శిక్షణ పథకం కింద కనీస స్టైపెండులో సగం కేంద్రం భరిస్తుంది. శిక్షణ తర్వాత ఉద్యోగమిచ్చి తీరాలని యజమానిపై సాధారణంగా నిర్బంధం లేదు, ఇది పెద్ద లోపమే. అయినా ఏడాది పని చేసిన విద్యార్థి చేతిలో అనుభవ పత్రం, ఫోనులో పాతికమంది సహోద్యోగుల నంబర్లు ఉంటాయి. కళాశాలలు ఈ పథకంలో నమోదును చివరి సెమిస్టరు వరకు ఆపకుండా రెండో ఏడాదిలోనే వివరించాలి. నాచారం యూనిట్లలో పనిచేసే పూర్వవిద్యార్థుల జాబితాను డిపార్టుమెంటు వారీగా నోటీసు బోర్డుపై పెట్టాలి.