ఓటు పెట్టె కాపరి



ఎన్నికలు ముగిసిన పిదప గెలిచినవాని పేరు ఊరంతయు చెప్పుకొందురు. ఓడినవాని పేరును గూడ కొంతకాలము జ్ఞప్తియందుంచుకొందురు. కాని ఆ దినమున బడిలో బల్ల వేసికొని కూర్చుండి, మీ వ్రేలికి సిరా పెట్టించి, సాయంకాలమున పెట్టెకు లక్కముద్ర వేసి తీసికొనిపోయిన ఉద్యోగి పేరు ఎవరికిని తెలియదు. తెలియనక్కరయు లేదు. అయితే అతడు భయపడిననాడు మన ఓటు మనది కాకపోవునను సంగతి మాత్రము తెలిసియుండవలెను. అతనిని భయమునుండి కాపాడుటకు మన దేశమున వెదకిన ఉపాయముల చరిత్రను ఈ సాయంకాలము మీకు మనవి చేసెదను.

నేను బడిపంతులుగా నుండిన కాలమున పలుమారులు ఎన్నికల పనికి పోయితిని. కాగితపు ఓట్ల దినములలో, ఒక ఊర, మధ్యాహ్నము రెండు గంటల వేళ నలుగురు మనుష్యులు వరుసను త్రోసికొని లోనికి వచ్చిరి. వారిలో నొకడు నా బల్లమీద చేయి వేసి, "పంతులుగారూ, ఆ కాగితాల కట్ట ఇలా ఇచ్చి మీరు కాసేపు చెట్టుకింద కూర్చోండి" అని మెల్లగా చెప్పెను. గట్టిగా అరచియుండినచో నాకంత భయము కలిగెడిది కాదు. తరువాత నేమి జరిగెనో కడపట చెప్పెదను.

మన దేశమున ఓటు పెట్టె క్రొత్తది కాదు. కాంచీపురము చెంత ఉత్తరమేరూరున, మొదటి పరాంతక చోళుని కాలమునాటి రెండు శాసనములు గుడిగోడలపై నేటికిని నిలిచియున్నవి. అవి క్రీస్తు శకము 920 ప్రాంతమునాటివి. ఊరి సభకు సభ్యులను ఎట్లు ఎన్నుకొనవలెనో వానియందు వివరముగా చెక్కించిరి. తాటాకులపై పేర్లు వ్రాసి కుండలో వేయుదురు. పూజారులందరును ఎదుట కూర్చుండగా, వారిలో పెద్దవాడు ఆ కుండను అందరికిని కనబడునట్లు పైకెత్తి పట్టుకొనును. లోన నేమున్నదో తెలియని బాలుడు ఒక ఆకును తీయును. దానిని అందుకొను మధ్యస్థుడు అయిదు వ్రేళ్ళును చాచి, అరచేయి తెరచి పట్టవలెనని శాసనము.

అరచేయి ఏల తెరచి పట్టవలెను? మోసము జరుగకుండుటకే యని మొదట తోచును. నాకు మరియొకటి తోచినది. తెరచిన అరచేతిని అందరును చూచిన పిదప, ఓడినవాడు ఆ మధ్యస్థునిపై నింద మోపజాలడు. ఆ నియమము ఊరిని మధ్యస్థునినుండి కాపాడుటయే గాక, మధ్యస్థుని ఊరినుండియు కాపాడినది.

స్వతంత్ర భారతమున తొలి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు 25న మొదలై 1952 ఫిబ్రవరి వరకు సాగినవి. ఓటర్లు 17 కోట్ల 30 లక్షలకు పైబడి యుండిరి. వారిలో అధిక సంఖ్యాకులు చదువనేరనివారగుటచే, ఒక్కొక్క అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కొక్క పెట్టెను ఉంచిరి. ఈ మహాకార్యమును నడిపిన ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్. సుమారు 56,000 మంది ప్రిసైడింగు అధికారులును, వారికి తోడు 2,80,000 మంది సహాయకులును పనిచేసిరి. బెదిరింపులును కలహములును కలుగకుండ సుమారు 2,24,000 మంది పోలీసులను కాపుంచిరి. పనిచేయువారికి కాపుదల కావలెనని మొదటి దినముననే పెద్దలు ఎరిగియుండిరన్నమాట.

కాని కాపువాడు కన్ను మూసినను, చాలినంత బలము లేకపోయినను గతి యేమి? 1957లో బీహారునందలి బెగుసరాయి ప్రాంతమున రచియాహి గ్రామమున ఓటింగు కేంద్రమును బలవంతముగా ఆక్రమించిరనియు, దేశమున అట్టి కార్యమునకు అదియే మొదలనియు చెప్పుదురు. పిదప ఆ జాడ్యము పలు రాష్ట్రములకు ప్రాకినది. కర్రలు పట్టుకొని వచ్చువారు, అధికారిని మూలకు నెట్టి, కాగితములపై ముద్రలు గుద్ది పెట్టె నింపి పోవువారు. అధికారి ఒంటరివాడు, పరాయి ఊరివాడు. రాత్రి ఇంటికి చేరవలెనని ఆశ గలవాడు. అతడు లొంగిపోయినచో తప్పు పట్టుట సులభము. ఆ స్థానమున కూర్చుండుట కష్టము.

శిక్ష వేయుదుమని చట్టము పూర్వమునుండియు చెప్పుచునే యున్నది. కాని శిక్ష ఏండ్లకు గాని రాదు. గెలుపు మరునాడే వచ్చును. కావున కర్రను నిలుపవలెనన్న, కర్రవలన వచ్చు లాభమును నిలుపవలెను. పెట్టెను నాశనము చేసినచోట మరల ఓటింగు జరుపు నియమము 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టముననే కలదు. ఆ నియమమునకు గొప్ప పరీక్ష 1977లో వచ్చినది.

ఆ యేడు మార్చి నెలలో పంజాబునందలి ఫిరోజుపూరు లోకసభ స్థానమున ఓట్ల లెక్కింపు ముగియవచ్చిన వేళ జనసమూహము పైబడి కొన్ని ఓటు పత్రములను నాశనము చేసినది. రిటర్నింగు అధికారి ఫలితమును ప్రకటింపలేకపోయెను. ఎన్నికల సంఘము నియోజకవర్గమంతటికిని మరల ఓటింగు జరుపవలెనని ఉత్తరువు చేసినది. తానే ముందంజలో నుంటినని చెప్పిన అభ్యర్థి సుప్రీముకోర్టుకు పోయెను. 1977 డిసెంబరు 2న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. చట్టము మౌనముగా నున్న చోట, ఎన్నిక సక్రమముగా జరుగుటకు కావలసిన చర్యను తీసికొను అధికారము రాజ్యాంగము 324వ అధికరణము ననుసరించి సంఘమునకు కలదని దాని సారము. అధికారిని అడ్డగించినంతమాత్రమున ఎన్నిక అడ్డగించినవాని వశము కాదని దీనివలన తేలినది.

1989లో మరియొక అడుగు వేసిరి. ఓటింగు కేంద్రము నాక్రమించి, అధికారులచే పత్రములను అప్పగింపజేయుట ప్రత్యేక నేరమని చట్టమున చేర్చిరి. అట్లు జరిగినచో ప్రిసైడింగు అధికారి వెంటనే పైవారికి తెలుపవలెను. సంఘము ఆ ఓటింగును చెల్లనిదిగా ప్రకటించి మరల జరిపింపవచ్చును, లేదా ఎన్నికనే రద్దు చేయవచ్చును. 1996లో శిక్షను పెంచి, ఒక సంవత్సరమునకు తగ్గకుండ మూడు సంవత్సరముల వరకు చెరసాలగా నిర్ణయించిరి. నేరము చేసినవాడు ప్రభుత్వోద్యోగి యైనచో మూడునుండి అయిదు సంవత్సరములు.

పిదప యంత్రము వచ్చినది. 2004 లోకసభ ఎన్నికలలో దేశమంతటను దానినే వాడిరి. దానిని తయారుచేయు రెండు సంస్థలలో నొకటి మన హైదరాబాదునందున్నది. ఈ యంత్రము నిమిషమునకు నాలుగైదు ఓట్లకంటె తీసికొనదు. గుంపు వచ్చి గంటలో వేయి ఓట్లు గుద్దుట ఇక సాగదు. కంట్రోలు యూనిట్టుపైనున్న బొత్తామును నొక్కి అధికారి ఓటింగును మూసివేయగలడు. నా కాలమున నాకట్టి బొత్తాము లేదు, నా గొంతు మాత్రమే యుండెను. ఇప్పుడు ఏ ఉద్యోగికి ఏ కేంద్రము వచ్చునో చీట్లు కలిపినట్లు కంప్యూటరు నిర్ణయించును. కావున ముందుగా ఇంటికి పోయి బెదిరించుటకును వీలు తక్కువ.

అయినను భయము రూపు మార్చుకొన్నది. కర్రకు బదులు ఇప్పుడు పుకారు వచ్చును. అమెరికా దేశమున జార్జియా రాష్ట్రమున 2020 ఎన్నికలలో ఓట్లు లెక్కించిన తల్లీకూతుళ్ళపై దొంగతనపు నింద మోపిరి. తల్లి కూతురికి అందించిన అల్లపు బిళ్ళను ఓట్లు మార్చు పరికరమని ప్రచారము చేసిరి. చంపుదుమను బెదిరింపులకు తాళలేక ఆ తల్లి ఇల్లు విడిచి కొన్నాళ్ళు తలదాచుకొనెను. నింద అసత్యమని తేలి, 2023 డిసెంబరులో జ్యూరీ వారికి 14 కోట్ల 80 లక్షల డాలర్ల పరిహారము విధించినది. అంత ధనమైనను ఆ పూర్వపు నిర్భయతను కొని తేగలదా?

పుకారుకు మందు మన ఉత్తరమేరూరు అరచేయియే. ఓటింగు మొదలిడుటకు ముందు అభ్యర్థుల ఏజెంట్ల యెదుట యంత్రమును పరీక్షించి చూపుదురు. ముగిసిన పిదప, పోలైన ఓట్ల లెక్క వ్రాసిన పత్రపు నకలును వారికిత్తురు. ఆ పత్రమును శ్రద్ధగా చూచి దాచుకొన్న ఏజెంటు తన అభ్యర్థికే గాక ఆ అధికారికి గూడ మేలు చేసినవాడగును. ఎల్లుండి ఎవడైన లెక్క మారినదని కేకలు వేసినచో, ఆ కాగితమే మాటలాడును.

ఇక నా కథ. ఆ మనుష్యుని చేయి నా బల్లమీదనే యున్నది. నాకు గొంతు పెగలలేదు. అంతలో వరుసలో నిలిచియున్న ఒక ముసలి రైతు తన చేతికర్రతో నేలపై తట్టి, "అబ్బాయీ, ఆ కట్ట నువ్వు తీసుకుంటే రేపు మళ్ళీ ఓటు పెడతారు. ఈ ఎండలో నేను మళ్ళీ నిలబడాలి. ఆయన మన ఊరికి వచ్చినవాడు. చెయ్యి తియ్యి" అనెను. వరుసలోనివారందరును ఆ నలుగురివైపు తిరిగి చూచిరి. చేయి తొలగినది.

ఆ రైతు ఏ పక్షమువాడో నే నెరుగను. అతడు చట్టమును చదివినవాడు కాడు. కాని దొంగ ఓటు నిలువదనియు, వచ్చిన ఉద్యోగి ఊరి పూచీ యనియు ఆ రెండు మాటలలో చెప్పెను. పోలీసువాడు వాకిట నుండును, చట్టము ఢిల్లీలో నుండును. వరుసలో నుండువారు మీరు. మీ ఊరి బడికి పెట్టె వచ్చిన దినమున, దాని ప్రక్క కూర్చున్న పరాయివానికి ఒక చెంబెడు మంచినీళ్ళు పంపుడు. అతనిపై ఎవడైన గొంతెత్తినచో, మీ చేతికర్రతో నేలపై ఒక్కమారు తట్టుడు.