స్వయముగా మరమ్మతు చేసిన పిమ్మట కారు ఇంజనులో దోషనిర్ణయము

కారు యజమాని తన చేతులతోనే ఇంజనులోని యొక భాగమును విప్పి, మార్చియో శుభ్రపరచియో మరల బిగించిన పిమ్మట, అంతకుముందు లేని వైకల్యము క్రొత్తగా పొడసూపినప్పుడు, దాని మూలమును వెదకి నిర్ణయించు పద్ధతి సాధారణ దోషనిర్ణయమునకు భిన్నమైనది. వాడుకచే అరిగిన భాగము తన క్షీణతను మాసముల తరబడి మెల్లమెల్లగా తెలియజేయుచు వచ్చును. మరమ్మతుచే కలిగిన లోపము చాలవరకు సెల్ఫు కొట్టిన తొలిక్షణముననే సంపూర్ణరూపముతో ఎదుట నిలుచును. నిన్నటివరకు నడచిన ఇంజను నేడు నడవకున్నచో, ఆ రెంటి నడుమ జరిగిన మార్పు మనిషి చేసినదే కావున, దూరపు కారణములను ఊహించుటకు ముందు చేయి తాకిన చోటును పరీక్షించుట న్యాయము. అయినను ప్లగ్గులు మార్చిన వెంటనే ఇంజను మిస్సింగు కొట్టుచుండగా పెట్రోలు పంపును అనుమానించి, దానినిగూడ విప్పి, ఒక దోషమును రెండు చేసికొనువారు పెక్కుమంది గలరు. పనిని చేసిన క్రమమునకు విలోమక్రమమున ఒక్కొక్క బిగింపును మరల చూచుకొనుచు, ఒక సమయమున ఒక మార్పు మాత్రమే చేసి, దాని ఫలితమును గమనించిన పిమ్మటనే రెండవదానికి పోవలయును. విప్పిన పాత భాగమును ఇంజను చక్కగా నడచువరకు పారవేయరాదు. క్రొత్త భాగమే లోపభూయిష్ఠమో కాదో తేల్చుటకు పాతదానిని మరల అమర్చి చూచుటకంటె నమ్మదగిన పరీక్ష వేరొకటి లేదు.

ఈ విషయమును వివరించుటకు అంబాసిడరు కారు మిక్కిలి అనుకూలమైనది. ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు 1957 మొదలు 2014 వరకు నిర్మించిన ఈ కారునందు దీర్ఘకాలము వాడబడిన 1489 ఘనసెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఇంగ్లండులోని బ్రిటిష్ మోటార్ కార్పొరేషను వారి బి-శ్రేణికి చెందినది. బానెటు ఎత్తినచో దాని ప్రధానభాగములన్నియు చేతికందును. అందుచేతనే దానికి ఇంటిముంగిట మరమ్మతులు విరివిగా జరిగినవి.

యజమానులు తరచుగా చేసికొను పని పాయింట్లను, అనగా రవ్వకొరకు విద్యుత్తును కలిపి తెంచు స్పర్శముఖములను, మార్చుట. కాయిలులోని ప్రాథమికపు తీగచుట్టలో 12 వోల్టుల విద్యుత్తు ప్రవహించుచుండగా పాయింట్లు విడివడిన క్షణమున ఆ ప్రవాహము హఠాత్తుగా నిలిచి, రెండవ చుట్టలో వేలకొలది వోల్టుల విద్యుత్పీడనము జనించి, ప్లగ్గుకొసను రవ్వయై వెలువడును. అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ రూపొందింపగా 1910 నాటి కాడిలాక్ కార్లతో వాడుకలోనికి వచ్చిన ఈ ఏర్పాటు ఎంత సరళమైనదో, ఒక చిన్న వాషరు తారుమారైనంతనే అంత సంపూర్ణముగా స్తంభించిపోవును. డిస్ట్రిబ్యూటరులో, అనగా షెడ్లలో డెల్కో యనబడు భాగములో, పాయింట్ల స్ప్రింగును, కాయిలునుండి వచ్చు తీగను, కండెన్సరు తీగను ఒక్కచోట కూర్చి, వానికిని డెల్కో లోహమునకును స్పర్శ లేకుండ విద్యున్నిరోధకమగు వాషరును నిలుపవలయును. అది తప్పు వరుసలో చేరినను, తీగకొసనున్న లోహపుముక్క అంచునకు తగిలినను, విద్యుత్తు ఎడతెగక ఎర్తునకు పోవుచుండును. పాయింట్లు తెరచుకొనినను తెరచుకొననట్లే యగును.

దీనిని కనిపెట్టుటకు 12 వోల్టుల చిన్నబల్బు చాలును. దాని యొక తీగను డెల్కో ప్రక్కనున్న టెర్మినలునకును, రెండవదానిని ఎర్తునకును తగిలించి, ఇగ్నిషను వేసి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పినచో, పాయింట్లు తెరచుకొనినప్పుడు బల్బు వెలిగి, మూసికొనినప్పుడు ఆరిపోవలయును. ఎన్నడును వెలుగకున్నచో కాయిలు తీగను డెల్కోనుండి విడదీసి, ఆ తీగకొసనే పరీక్షింపవలయును. అప్పుడు వెలిగినయెడల తప్పు డెల్కోలోపల, వెలుగనియెడల దానికి వెలుపల నున్నదని తేలును. ఎన్నడును ఆరకున్నచో పాయింట్లు అసలే కలియుట లేదని గాని, వాని ముఖములపై మురికియో, తుప్పు పట్టకుండ అమ్మకమునకు ముందు పూసిన నూనెపొరయో మిగిలియున్నదని గాని గ్రహింపవలయును. బల్బు క్రమముగా వెలిగి ఆరుచున్నను ఇంజను మేల్కొననప్పుడు డెల్కో మూతను తెరచి, లోపల విద్యుత్తును ప్లగ్గుతీగలకు పంచు రోటరు ఉన్నదో లేదో చూడవలయును: పాయింట్ల కొరకై దానిని తీసి, ప్రక్కన పెట్టి, మరచి మూత బిగించుట సర్వసాధారణమైన పొరపాటు.

పాయింట్ల నడుమ ఎడము ఈ ఇంజనుకు 0.015 అంగుళము, అనగా సుమారు 0.38 మిల్లీమీటరు. ఎడమును మార్చినంతనే టైమింగుగూడ మారును. ఎడము హెచ్చినచో పాయింట్లు ముందుగా తెరచుకొని రవ్వ త్వరపడును, తగ్గినచో ఆలసించును. ఆలసించిన రవ్వచే బండి ఎత్తు నెక్కలేక వేడెక్కును; త్వరపడిన రవ్వచే బరువు పడినప్పుడు టకటకమను ధ్వని వినవచ్చును. కావున పాయింట్లను సరిచేసిన ప్రతిసారియు టైమింగును మరల నిర్ణయింపవలయును.

ప్లగ్గుతీగలను అన్నిటిని ఒక్కమారే ఊడదీయుట మరియొక అనర్థహేతువు. ఈ ఇంజనులో రేడియేటరు వైపున్న సిలిండరు మొదటిది, దహనక్రమము 1-3-4-2, రోటరు గడియారపు ముళ్లకు వ్యతిరేకదిశలో తిరుగును. ఈ దిశను మరచి తీగలను కుడినుండి ఎడమకు గాక ఎడమనుండి కుడికి అమర్చినచో 3, 2 సిలిండర్లు తారుమారగును. అప్పుడు ఇంజను తీవ్రముగా అదరుచు, ఇన్లెటు వాల్వు తెరచియున్న సమయమున మంట పుట్టి, కార్బొరేటరులోనికి ప్రేలుడు వెనుదన్నును. ఎయిరు క్లీనరు తీసియున్నప్పుడు ఈ మంట ప్రమాదకరము గనుక ముఖమును కార్బొరేటరుపైకి వంచి చూచుట ఎంతమాత్రము తగదు. డెల్కో అడుగుకొన ఒకే రీతిగా పొదుగునట్లు మధ్యనుండి ఒకవైపునకు జరిపి చేయబడినందున, దానిని మాత్రమే తీసి పెట్టినచో సగము చుట్టు తప్పు పడదు. దాని క్రిందనున్న గేరు కడ్డీని గూడ తీసినవారు మొదటి సిలిండరు కంప్రెషను చివర నున్నదని నిర్ధారించుకొని మరల అమర్చవలయును.

రవ్వ సక్రమమైనచో కార్బొరేటరు వంతు వచ్చును. ఎస్.యు. కార్బొరేటరునందు పిస్టనును పిన్నుతో సుమారు ముప్పది రెండవ వంతు అంగుళము పైకెత్తి, ఇంజను వేగము హెచ్చి అట్లే నిలిచినచో పెట్రోలు అధికమనియు, ఇంజను ఆగిపోయినచో స్వల్పమనియు, క్షణమాత్రము కొంచెము హెచ్చి సర్దుకొనినచో తగినంతయనియు తెలిసికొనవచ్చును. శుభ్రపరచిన పిమ్మట పైగొట్టములో నూనె పోయుట మరచినచో యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను తటపటాయించును.

సిలిండరు హెడ్డును విప్పినవారికి పరీక్షలు మరి కఠినమైనవి. ట్యాపెట్ల ఎడము 0.015 అంగుళము. ఎనిమిది వాల్వులను ముందునుండి లెక్కించి, పూర్తిగా తెరచియున్న వాల్వు సంఖ్యను తొమ్మిదిలోనుండి తీసివేయగా మిగిలిన సంఖ్యగల వాల్వును సరిచేయవలయునను నియమము మెకానిక్కులకు కంఠస్థము. ఎడము బొత్తిగా తగ్గినచో వాల్వు పూర్తిగా మూసికొనక కంప్రెషను జారిపోవును. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లలో కంప్రెషను సమముగా పడిపోయినచో వాని నడుమ హెడ్ గ్యాస్కెట్టు చినిగినదని అనుమానింపవలయును. ఒక్క సిలిండరులోనే పడిపోయినప్పుడు ప్లగ్గు రంధ్రముగుండ కొన్ని చుక్కల ఇంజను ఆయిలు వేసి మరల కొలువగా, పీడనము పెరిగినచో రింగులది, పెరుగకున్నచో వాల్వుదో గ్యాస్కెట్టుదో లోపము. నీరు మార్చిన పిమ్మట ఇంజను వేడెక్కుట మాత్రము లోపల గాలి చిక్కుకొనుటవలన గూడ కలుగును. ఇంజను పూర్తిగా చల్లారకముందు రేడియేటరు మూత తీయరాదు.

ఆయిలు ఫిల్టరు మార్చినప్పుడు పాత రబ్బరు రింగు ఇంజనునకే అంటుకొనిపోగా దానిపైననే క్రొత్తది బిగించినచో నూనె ధారగా కారిపోవును. ఆయిలు పీడనపు దీపము ఆరకున్నచో ఇంజనును తక్షణము ఆపవలయును.

కంప్యూటరుచే నడుపబడు ఇటీవలి ఇంజనులలో పాయింట్లు లేవు, డెల్కో లేదు. కాని వెదకవలసిన చోటు మారలేదు. ఊడిన కనెక్టరు, బిగింపబడని గాలిగొట్టము, ఇవియే తొలి అనుమానితములు. అమెరికాలో 1996 నుండి కార్లన్నిటికి విధింపబడిన ఓ.బి.డి.-2 ఏర్పాటు దోషసంకేతములను తెలుపును గాని కారణమును తెలుపదు. పి0171 అను సంకేతము మొదటి వరుస సిలిండర్లలో మిశ్రమము పలుచనైనదని మాత్రమే చెప్పును. దానిని చూచి ఆక్సిజన్ సెన్సరును కొని మార్చినవారు, ఎయిరు క్లీనరు దాటిన గొట్టమునకు క్లిప్పు పెట్టుట తామే మరచితిమని పిదప కనుగొనుట పరిపాటి. టైమింగు బెల్టు మార్చినవారు సెల్ఫు కొట్టుటకు ముందు క్రాంకును స్పానరుతో రెండు పూర్తి చుట్లు త్రిప్పి, గుర్తులు మరల కలిసినవో లేదో చూడవలయును. పిస్టను వాల్వును తాకగల నిర్మాణముగల ఇంజనులలో ఎచ్చటనైన గట్టి అడ్డు తగిలినచో బలము ప్రయోగింపక బెల్టును తీసి మొదటినుండి అమర్చవలయును. సెల్ఫు మోటారు ఆ అడ్డును గుర్తింపజాలక వాల్వులను వంచివేయును.